రాకెట్టు ఫోటో కోసం సోలాపూర్ పోయొచ్చాను

సూళ్లూరుపేటలో మాకు రాకెట్టు కొత్త కాదు. అది లేచినప్పుడు నా స్టూడియో అద్దాలు అదురుతాయి. కుర్చీలో కూర్చుని పాస్‌పోర్టు ఫోటో దిగుతున్న మనిషి కూడా లేచి వీధిలోకి పరిగెత్తుతాడు. ఇరవై ఏళ్లుగా ఆ స్టూడియో నడుపుతున్నాను. రాకెట్టు ఉన్న ప్రతిసారీ షట్టరు సగం దించి, కెమెరా మెళ్లో వేసుకుని, పులికాట్ సరస్సు గట్టుకు పోతూనే ఉన్నాను.

ఈ మధ్య ఆ గట్టు మీద నిలబడడానికి చోటు దొరకడం లేదు. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి కార్లలో దిగుతున్నారు. ఒక్కొక్కరి భుజం మీద మోటారు పైపంత లెన్సు. పోయినసారి వాళ్లలో ఒకాయన, చెన్నై ఆయన, నా కెమెరాకున్న బుల్లి లెన్సును చూసి నవ్వాడు.

"మేడం, దీంతో మీకు అగ్గిపుల్ల తప్ప ఏమీ పడదు. ఆరువందల ఎంఎం లెన్సు లేకుండా ఇక్కడికి రావడం దండగ."

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. "గట్టు మాది సార్. అగ్గిపుల్లయినా మాదే" అన్నాను. అన్నానే గానీ ఇంటికొచ్చి ఫోటోలు చూసుకుంటే నిజంగానే అగ్గిపుల్ల. అదీ మసగ్గా. ఆ రోజే అనుకున్నాను, మంచి లెన్సు కొంటాను, కానీ ఆయన చెప్పింది మాత్రం కొనను, నాకు కావలసింది ఏదో నేనే తేల్చుకుంటాను అని.

నెల్లూరులో పెళ్లి ఫోటోలు తీసే స్నేహితుడొకరు ఒక నంబరిచ్చాడు. సోలాపూర్‌లో అంబాదాస్ అని ఒక తెలుగాయన ఉన్నాడట, పాత లెన్సులు బాగుచేసి అమ్ముతాడట. ఫోన్ చేశాను. మా తమ్ముడు అడగని ప్రశ్నలు, కెమెరా దుకాణాల వాళ్లు అడగని ప్రశ్నలు ఆయన అడిగాడు. రాకెట్టు ఎంత దూరంలో లేస్తుంది? మధ్యలో నేలా, నీళ్లా? పొద్దున పూటా, మధ్యాహ్నమా? ఎండ ఏ పక్క నుంచి పడుతుంది?

"పదిహేను కిలోమీటర్ల పైనే అన్నా. మధ్యలో అంతా నీళ్లే" అన్నాను.

"నా దగ్గర మూడు లెన్సులున్నయి. ఫోన్ల జెప్తె సమజ్ గాదు మేడం. నీ కెమెరా పట్టుకొని రా, సూసుకొని తీస్కపో."

తర్వాతి రాకెట్టుకు పన్నెండు రోజులుంది. ఒక లెన్సుకు సరిపడా దాచుకున్నది ఉంది, రెండో లెన్సుకు లేదు. "ఇంత దూరం పోయి సెకండ్ హ్యాండుదా?" అని తమ్ముడు గొణిగాడు. రేణిగుంటలో రైలెక్కాను.

రైల్లో రొట్టె

గుంతకల్లు దాటాక ఎదుటి సీటులో పెద్దామె ఒకావిడ మూట విప్పింది. అందులోంచి అప్పడంలా ఫెళఫెళలాడే జొన్నరొట్టె తీసి సగానికి విరిచి నా చేతిలో పెట్టింది. కడక్ భాకరీ అంటారట, పది రోజులైనా పాడవదట. దాని మీద పల్లీకారం, పైన నూనె చుక్క. మా వైపు ప్రయాణమంటే పులిహోర, లేదంటే పెరుగన్నం. రొట్టెను ఇలా పటపటా కొరుక్కుంటూ పోవడం నాకు కొత్త. మొదటి ముక్కకే అంగిట్లో గుచ్చుకుంది.

"మెల్లగ నములు బిడ్డా. అన్నం తినెటోళ్ల పండ్లు మెత్తగుంటయి" అంది.

ఆమె పుట్టింది సోలాపూర్‌లోనే. తాత కరీంనగర్ దిక్కు నుంచి నేత పనికి వచ్చాడట. "మరి మీ ఊరేది?" అంటే మాత్రం ఇప్పటికీ కరీంనగర్ పేరే చెబుతుంది. ఎందుకు పోతున్నావని అడిగింది. రాకెట్టు ఫోటో తీయడానికి లెన్సు కోసమన్నాను.

"రాకెట్ మీ ఊర్ల లేస్తది, దాన్ని సూసెటి అద్దం మా ఊర్ల దొరుకుతదా! బరోబరే" అని తృప్తిగా ఇంకో ముక్క విరిచింది.

అశోక్ చౌక్

స్టేషన్ బయట ఆటో అతనికి నాకొచ్చిన హిందీలో అంబాదాస్ ఉండే పేట పేరు, కుంఠా నాకా, చెప్పాను. ఏం విన్నాడో, అశోక్ చౌక్‌లో దింపి వెళ్లిపోయాడు. సంచి పట్టుకుని కూడలిలో నిలబడ్డాను. బోర్డులన్నీ మరాఠీ. టీ బండి దగ్గరికి పోయి మళ్లీ నా హిందీ మొదలుపెట్టాను. టీ పోసే ఆయన రెండు వాక్యాలు ఓపిగ్గా విని, "తెలుగుల చెప్పక్కా, హిందీ పానం దీస్తున్నవు" అన్నాడు.

నవ్వొచ్చి, "కుంఠా నాకాకి పోవాల. యాడికి వచ్చేశానో తెలీకుండా ఉంది" అన్నాను.

బండి చుట్టూ ఉన్న నలుగురూ నా వైపు తిరిగారు. ఒకాయన పక్కాయనను, "ఇది ఏం తెలుగు రా?" అని నా ఎదుటే అడిగాడు. "సముద్రం దిక్కు తెలుగు" అని ఆ పక్కాయన తీర్పు చెప్పాడు. మా మాటల్లో కలిసిందల్లా "ఏంది" ఒక్కటే. నెల్లూరు వైపు మేమూ ఏంది అంటాం. ఆ ఒక్క మాట పట్టుకుని మూడు రోజులు గడిపేశాను. సగం గ్లాసు టీని కటింగ్ అంటారు, పది రూపాయలు. పంచదార మాత్రం పూర్తి గ్లాసుకు సరిపోయేంత వేస్తారు.

కుంఠా నాకా

కుంఠా నాకా సందుల్లోకి తిరగ్గానే చప్పుడు మొదలైంది. ఇంటింటికీ కింది భాగంలో మరమగ్గాలు. వాళ్లు సాంచాలంటారు. తువ్వాళ్లు, చద్దర్లు, తెల్లవారినప్పటి నుంచి ఒకటే టకటకటక. గడపల మీద ఆడవాళ్లు ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాటలు సాగుతుంటాయి, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. ఎవరూ చాట వైపు చూడరు.

అంబాదాస్ ఇంటి గడప మీద కూడా ఒకామె బీడీలు చుడుతోంది. యాభై దాటి ఉంటాయి. ఆమె బాలమణి, ఆయన భార్య. చాట పక్కన పెట్టి, నన్ను లోపలికి తీసుకుపోయి, నీళ్లిచ్చింది.

అంబాదాస్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. నల్లద్దాలు. మూడు లెన్సులు పాత చద్దరు మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చెప్పసాగాడు. మొదటిది ఆరువందల దాకా సాగే జూమ్ లెన్సు, రెండు కిలోలుంటుంది. రెండోది లోపల ముఖం చూసుకునేలాంటి అద్దాలమర్చిన ఐదువందల లెన్సు, చూడ్డానికి స్టీలు డబ్బాలా పొట్టిగా ఉంది. మూడోది మూడువందలది, పాతకాలపు ఇనప్పెట్టెలాంటిది, చేత్తో తిప్పి ఫోకస్ చేయాలి. దాన్ని ఆయన చెవి దగ్గర పెట్టుకుని రింగు తిప్పి విన్నాడు. పెద్ద పనివాడు, శబ్దం బట్టే చెప్పేస్తున్నాడని ముచ్చటపడ్డాను.

"ఇది మంచిదే. గని లోపల బూజు పట్టింది. గందుకే ఎవరు కొనలే."

నా అగ్గిపుల్ల ఫోటో ఫోన్లో తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూడలేదు. గుమ్మం వైపు ముఖం తిప్పి, "బాలమణీ, జర జూడు" అన్నాడు.

ఆమె వచ్చి ఫోన్ తీసుకుంది. "కింద నీళ్లు, తెల్లగ. నడుమల పొగ. పొగ మీద నిప్పు, అంచులు ముద్దగున్నయి. పక్కన తాటిచెట్టు గూడ ముద్దగనే ఉన్నది."

"చెట్టు గూడనా? అయితె ఫోకస్ తప్పింది" అన్నాడాయన.

అప్పుడర్థమైంది నాకు. షుగరు వల్ల నాలుగేళ్ల కిందటే రెండు కళ్లూ పోయాయట. అంతకుముందు సాంచాలు బాగుచేసే పని, దానితో పాటు కెమెరాల పని. లెన్సులు పంపేవాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు. ఆయన చెబుతాడు, ఆమె విప్పుతుంది. పేరు మాత్రం అంబాదాస్‌దే.

నాకు ఒళ్లు మండింది. ఎనిమిదివందల కిలోమీటర్ల పైన వచ్చాను.

"ఈ మాట ఫోన్లో ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తె వచ్చెటిదానివా?"

వచ్చేదాన్ని కాదు. ఆ సంగతి మాకిద్దరికీ తెలుసు.

మేడ మీద మధ్యాహ్నం

వచ్చినదాన్ని ఎలాగూ వచ్చాను, చూసే పోదామనుకున్నాను. బాలమణి, నేను లెన్సులు మోసుకుని మేడెక్కాం. చాలా దూరంలో పాత మిల్లు పొగగొట్టం ఒకటుంది, ఇటుకలది, కొనకు పిడుగు పడకుండా కట్టిన తీగ. ఆ తీగనే రాకెట్టనుకోమంది ఆమె.

ముందు ఆరువందలది పెట్టాను. స్టాండు మీద నిలిపి నొక్కాను. పొగగొట్టం వణుకుతూ పడింది. మళ్లీ నొక్కాను, మళ్లీ వణుకే. ఐదువందలదీ అంతే. పది ఫోటోలు పాడయ్యాక, "ఈ లెన్సుల్లో ఏముందక్కా, అంతా నాసిరకం" అని విసుక్కున్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని పిట్టగోడ మీద ఆనించింది. గోడ సన్నగా అదురుతోంది. కింద, పక్కింట్లో, ఎదురింట్లో, అన్నిచోట్లా సాంచాలు. ఇల్లిల్లూ వణుకుతోంది.

"భింగంల ఏం లేదు చెల్లె. మా గల్లీనే ఊగుతది" అని నవ్వింది. లెన్సును వాళ్లు మరాఠీలోలాగా భింగమంటారు.

చేత్తో పట్టుకుని, షట్టరు వేగం పెంచి తీశాను. ఈసారి అదురు లేదు గానీ పొగగొట్టం నీళ్లలో ముంచినట్టు అలలు అలలుగా ఉంది. ఇటుకల వరసలు కరిగిపోయాయి. కిందికొచ్చి చెబితే అంబాదాస్ తలూపాడు.

"అది ఎండకు లేసే ఆవిరి. నడుమల ఉన్న గాలంత కదులుతది. ఎంత పెద్ద లెన్సు పెడితె ఆ కదులుడు అంత పెద్దగ గొడ్తది. మీ దగ్గర నీళ్లు గూడ ఉన్నయంటివి, ఇంకెక్కువ."

తర్వాత ఒక కాగితం ఇప్పించి నాతో లెక్క వేయించాడు. రాకెట్టు ఎత్తు ఇంత, దూరం ఇంత, లెన్సు ఇంత. ఆరువందలది పెడితే నా కెమెరా వెనక తెర మీద రాకెట్టు బియ్యపు గింజంత పడుతుంది. మూడువందలది పెడితే నువ్వుగింజంత. ఆ చెన్నై ఆయన మోటారు పైపు మోసుకొచ్చేది నువ్వుగింజను బియ్యపు గింజ చేసుకోవడానికన్నమాట. పైగా ఆరువందలదానిలో ఆకాశం ఇరుకు. లేచిన కొన్ని క్షణాలకే రాకెట్టు చట్రం దాటిపోతుంది, వెతుక్కునేలోపు మేఘాల్లో ఉంటుంది.

"నీకు గింజ గావాల్నా, రాకెట్ లేసుడు గావాల్నా? అది నువ్వే చెప్పాలె. నేను చెప్పేది గాదు" అన్నాడు.

మూడువందలదానితో తీసిన ఫోటో మళ్లీ చూశాను. బూజు వల్ల మొత్తం పాలు చల్లినట్టుంది. కానీ ఆ పాల వెనక తీగ నిటారుగా, ఒక్కటిగా నిలబడి ఉంది. చుట్టూ ఆకాశమూ ఉంది.

"బూజు తీస్తే?" అని అడిగాను.

ఆ బూజు తీయాలంటే లెన్సు మొత్తం విప్పాలి, పగిలితే అలాంటి అద్దం మళ్లీ దొరకదన్నాడు అంబాదాస్. "రేపు పొద్దుగాల జూద్దాం" అంది బాలమణి.

ఆ పూట వాళ్లింట్లోనే భోజనం. నాకోసం అన్నం వండుతానంటే వద్దని జొన్నరొట్టే అడిగాను. మెత్తటిది, పొయ్యి మీంచి దిగింది దిగినట్టు. చేపలు దొరకవా అంటే, దొరుకుతాయి గాని మీ సరస్సోళ్లకు మా చేపలు ఆనవు అంది.

పుణె మనిషి

మర్నాడు నేను బసచేసిన లాడ్జి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు కారుంది. పుణె నుంచి ఒక ఫోటోగ్రాఫరు, నలభై ఏళ్లవాడు, కొత్త ఖరీదైన లెన్సు తెచ్చాడు. కిందపడి లోపల ఏదో కదులుతోందట. పక్కనుండి చేయించుకుని పోవాలని స్వయంగా వచ్చాడు. అంబాదాస్ లెన్సు అందుకుని మెల్లగా ఊపి, లోపల ఏ మర ఊడిందో కూడా చెప్పాడు. ఆ మనిషి మెచ్చుకున్నాడు.

"మీరు చౌక్ దాకా పోయి చాయ్ తాగి రండి. నేను చేసి పెడతా" అని అంబాదాస్ మరాఠీలో అన్నాడు. నాకొచ్చిన హిందీతో వాళ్ల మాటలు కొంత అందాయి. ఆ నాలుగేళ్లూ అలాగే గడిచిందని నాకర్థమైంది. కస్టమరు బయటికి పోయాక ఆమె కూర్చుంటుంది.

బాలమణి అప్పటికే తలస్నానం చేసి వచ్చింది. పొద్దున అద్దాల పని, మధ్యాహ్నం నుంచి బీడీలు. పొగాకు ముట్టాక లెన్సు ముట్టదు. లోపలి గది నేల తడిబట్టతో తుడిచి, దోమతెర కట్టి, దాని కింద పీట వేసింది. దుమ్ము పడకుండా అదీ ఆమె ఏర్పాటు. మరి ఏమనుకుందో, నా వైపొకసారి చూసింది. గుమ్మంలోకి వచ్చి ఆ మనిషితో మరాఠీలోనే చెప్పింది.

"చాయ్‌కి పోనవసరం లేదు. కూర్చోండి. ఆయనకు కళ్లు కనపడవు. విప్పేది నేను. నాలుగేళ్ల నుంచి నేనే."

ఆ మనిషి అంబాదాస్ అద్దాల వైపు, గోడవారగా ఉన్న బీడీల చాట వైపు, ఆమె చేతుల వైపు చూశాడు.

"బీడీలు చుట్టే చేతులకా ఇచ్చేది?" అన్నాడు. తర్వాత ఇంకా ఏదో అన్నాడు, నాకు అందలేదు. అంబాదాస్ ముఖం మాత్రం నల్లబడింది. లెన్సు తీసుకుని, సంచిలో వేసుకుని, ఆ మనిషి కారెక్కి పోయాడు.

కారు చప్పుడు పోయేదాకా ఆగి అంబాదాస్ అరిచాడు. "ఎందుకు జెప్పినవ్? ఎవలడిగిండ్రు నిన్ను? రేపు ఆడు పుణె అంత జెప్తడు. పని బందయితది!"

"అయితె కానీ."

"కానీ అంటె? నా పేరు..."

"నీ పేరే! నాలుగేండ్లాయె, ఎవలన్న వస్తె నేను వంటింట్ల దాక్కుంటున్న. నా ఇంట్ల నేను దొంగనా? పదేండ్ల పోరిగున్నప్పటి సంది ఆకు గత్తిరిస్తున్న. ఒక్క వెంట్రుక మందం తేడా వస్తె కార్ఖానోడు కట్టలకు కట్టలు పారేస్తడు. గా చేతులే ఇవి. అందరికి జెప్పే లెన్సు విప్పుత ఇగ. ఇష్టమున్నోళ్లు ఇయ్యనీ, లేనోళ్లు పోనీ."

ఆయన మంచం పట్టె పట్టుకుని తల దించుకున్నాడు. ఆమె ఏడవలేదు. దోమతెర విప్పడానికి చెయ్యెత్తింది, పని పోయింది కదా అని. నిన్న ఒళ్లు మండిన మనిషిని నేను. ఆ కారెక్కిన మనిషికీ నాకూ తేడా ఎంతో నాకు తెలుసు. సిగ్గేసింది.

"తెర విప్పొద్దక్కా" అన్నాను. "మూడువందలది తీసుకురా. నేను కొంటుండాను. నా ఎదురుగా విప్పు."

"పలిగితె?"

"నా లెన్సు పగుల్తుంది. రాకెట్టు మళ్లీ లేస్తుంది."

గట్టిగానే అన్నాను గానీ, అది పగిలితే ఇంకో లెన్సు కొనే శక్తి నాకు లేదు, ఇప్పట్లో రాదు.

దోమతెర కింద

నన్ను కూడా తెర కిందికి రానిచ్చింది, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకోమని. అంబాదాస్ తెర బయట, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. మొదట చాలాసేపు మాట్లాడలేదాయన. ఆమె కూడా అడగలేదు. వెనక మరలు మూడు తీసింది, విప్పిన వరసలోనే తెల్లబట్ట మీద పెట్టింది. నాలుగోది రాలేదు. తల అరిగిపోయింది.

"నాలుగోది తిరుగుతలే" అంది, ఎవరితోనో అన్నట్టు.

తెర బయటి నుంచి గొంతు వచ్చింది. "బలం పెట్టకు. ఒక్క బొట్టు స్పిరిట్ వెయ్యి. వంద లెక్కపెట్టు."

లెక్కపెట్టింది. తిరిగింది. అక్కడి నుంచి ఇద్దరూ మామూలుగా మాట్లాడుకోసాగారు, పోట్లాట అసలు జరగనట్టు. ఏం కనిపిస్తోందో ఆమె చెబుతుంది, ఏం చేయాలో ఆయన చెబుతాడు. ఒక్కోసారి ఆయన చెప్పింది కాదని ఆమె ఇంకోటి చేస్తుంది. లోపలి అద్దాన్ని పట్టి ఉంచే రింగు బిగుసుకుపోయింది. దానికి పనిముట్టు ఉందట, వేస్తే జారి అద్దం గీసుకునే ప్రమాదం. ఆమె లేచి, సాంచాలో వాడే రబ్బరు ముక్కొకటి గుండ్రంగా కోసి తెచ్చింది. రింగు మీద ఆనించి, అరచెయ్యి పెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పింది. ముందు కదల్లేదు. చెయ్యి మార్చింది. కిర్రుమని చిన్న చప్పుడు.

"వచ్చిందా?" అన్నాడాయన.

"వచ్చింది."

బూజు అద్దం మీద సన్నటి వేర్లలా పాకి ఉంది. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు, ఒక్కో గుడ్డా ఒక్కసారే. మూడు గంటలు పట్టింది. చివరికి అద్దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆమె వేళ్ల మధ్య అద్దం ఉందో లేదో తెలియలేదు. ఒక మూల మాత్రం గోరంత మచ్చ మిగిలింది. అది పోదంది. పోకపోతే పోయింది, నేను దాన్ని అలాగే తీసుకున్నాను.

పొగగొట్టం, పొద్దున

విప్పి బిగించిన లెన్సుకు దూరం మళ్లీ నేర్పాలట. ఎంత దూరమైనా స్పష్టంగా కనిపించే చోట రింగు ఆగాలి, ఆ ఆగే చోటును సరిచేయాలి. అందుకు గల్లీ ఊగకూడదు, గాలి కదలకూడదు. పొద్దున షిఫ్టు మారేటప్పుడు సాంచాలు కాసేపు ఆగుతాయి. మూడో రోజు ఆ సమయానికి ముగ్గురం మేడ మీదున్నాం. అంబాదాస్‌ను మెట్లెక్కించి తీసుకొచ్చింది ఆమె.

ఒక్కొక్క ఇంట్లో చప్పుడు ఆగుతూ వచ్చింది. చివరిది కూడా ఆగాక పిట్టగోడ మీద చెయ్యి పెట్టి చూశాను. కదలిక లేదు. పొగగొట్టం ఇటుక ఇటుకా లెక్కపెట్టేలా ఉంది. ఆమె సన్నటి స్క్రూడ్రైవరుతో తిప్పుతుంటే నేను కెమెరాలో చూస్తూ చెప్పాను. ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు. తీగ సూదిలా నిలబడింది.

"మీ దగ్గర ఉడుకెక్కువనా, సల్లగుంటదా?" అని అడిగింది.

"ఉక్కపోతక్కా. ఎండలో లెన్సు ముట్టుకుంటే కాలుద్ది."

"అయితె జర ఎక్కువ తిరిగెటట్టు ఇడుస్త. ఉడుకుకు ఇనుము సాగుతది. బిగ్గిట్ల పెడితె నీ ఊర్ల దూరం అందదు."

అది అంబాదాస్ చెప్పలేదు. ఆయన ఆమె వైపు ముఖం తిప్పి, "బరోబర్ చెప్పింది" అన్నాడు.

బయల్దేరే ముందు లెన్సు చుట్టడానికి ఒక చద్దరు కొన్నాను. కొట్టు ఆయన ఐదువందలన్నాడు, నాలుగువందలకు ఇచ్చాడు. దుప్పటి కాదది, కవచం. రైల్లో చలేసినా లెన్సు మీంచి తీయలేదు.

మా గట్టు మీద

రాకెట్టు రోజు ఎండ మండిపోతోంది. గట్టు మీద ఎప్పటిలాగే జనం, ఎప్పటిలాగే పైపులు. చెన్నై ఆయన నా కొత్త పాత లెన్సును చూసి, "మూడువందలదా? అదీ చేత్తో తిప్పేదా?" అన్నాడు. నేను దూరంగా ఉన్న కరెంటు టవరు మీద ఫోకస్ చూసుకుని, రింగుకు టేపు అంటించి, వెలుతురు రెండు మెట్లు తగ్గించుకున్నాను. మంట తెల్లగా మాడిపోకూడదు.

లేచింది. ముందు వెలుగు, చప్పుడు లేదు. నీళ్ల మీద వెలుగు దారి పరుచుకుంటూ వచ్చింది. నిప్పు పైకెక్కుతుంటే దాన్ని వెతుక్కునే పని నాకు పడలేదు, చట్రంలో దానికి చోటుంది. నొక్కుతూనే ఉన్నాను. పక్కన ఎవరో "పోయింది, దొరకట్లే" అని అరుస్తున్నారు. ముప్పావు నిమిషం తర్వాత చప్పుడు వచ్చి ఛాతీకి తగిలేటప్పటికి, అది మేఘాల్లో దూరింది.

పదకొండు ఫోటోలు పనికొచ్చాయి. ఒకదాంట్లో కింద సరస్సులో పడవ, పడవలో నిలబడ్డ జాలరి, పైన నువ్వుగింజంత రాకెట్టు, దాని కింద దానికన్నా పొడవైన నిప్పు, సరస్సు నుంచి లేచి వంకర తిరిగిన పొగస్తంభం. అంచులన్నీ కత్తితో కోసినట్టున్నాయి. చెన్నై ఆయన వచ్చి చూశాడు. ఆయన తెర మీద బియ్యపు గింజ ఉంది, ఆవిరికి అలలు తిరిగి. నేను నవ్వలేదు.

"ఎక్కడ చేయించారు మేడం?" అన్నాడు.

"సోలాపూర్‌లో. కుంఠా నాకా."

"ఓ, అంబాదాస్ గారా? విన్నాను పేరు."

"ఆయన భార్య. బాలమణి. బీడీలు చుడుతుంది, లెన్సులు విప్పుతుంది. రాసుకోండి" అన్నాను. ఆయన నేనిచ్చిన నంబరు మాత్రం రాసుకున్నాడు, బాలమణి పేరు రాసుకోలేదు.

ఆ వారంలోనే అంబాదాస్ ఫోన్ చేశాడు. నేను పంపిన ఫోటో ఆమె చెప్పగా విన్నాడట, పడవలో మనిషి తొడుక్కున్న చొక్కా రంగుతో సహా. తర్వాత ఇంకో సంగతి చెప్పాడు.

"చెన్నై నుంచి ఒకాయన ఫోన్ జేసిండు. అంబాదాసేనా అని అడిగిండు. అవును గని నాకు కండ్లు కనపడయి, విప్పేది నా భార్య, ఇష్టముంటె పంపు అన్న."

"ఏమన్నాడన్నా?"

"ఏం అనలే. ఆలోచించి చెప్త అన్నడు." ఆయన వెనక సాంచాల చప్పుడు వినిపిస్తోంది. "పంపుతడో పంపడో నాకు తెల్వదు చెల్లె. నేనైతె చెప్పిన."